మొహం తిప్పుకోని ఆడవాళ్ళు

సత్యవేణికి కోపం ముక్కు మీదే ఉంటుందని నాచారంలో ఆమెను ఎరిగినవాళ్ళందరూ అంటారు. నిజానికి అది ముక్కు మీద ఉండదు. ఇంకా లోపల ఎక్కడో కుంపటిలా ఉంటుంది. ముక్కు దాకా వచ్చేది దాని సెగ మాత్రమే. ఆమె ఓ ప్రైవేటు స్కూల్లో డ్రాయింగ్ టీచరు. రెండు కొండలు, మధ్యలో సూర్యుడు, పక్కన కొబ్బరిచెట్టు గీసుకొచ్చిన పిల్లవాడికి ఆమె దగ్గర మూడినట్టే.

"నాచారంల గుట్టలేడున్నయ్‌రా? కిటికీలకెళ్ళి తొంగి సూడు. ఏం కనవడితే గదే గియ్యి" అని కాగితం తిరిగి ఇచ్చేస్తుంది.

పిల్లలు భయపడతారు గానీ గీస్తారు. నీళ్ళ ట్యాంకరు, కరెంటు తీగల మీద పావురాలు, ఫ్యాక్టరీ గేటు ముందు చాయ్ బండి, ఇలాంటివే ఆమె క్లాసు గోడల నిండా ఉంటాయి. ఇన్‌స్పెక్షన్‌కి ఎవరైనా వస్తున్నారంటే ప్రిన్సిపాల్ వాటిని తీయించి కొండలూ సూర్యుళ్ళూ పెట్టిస్తాడు. ఆ రోజు స్టాఫ్ రూంలో ఆమె పక్కన కూర్చోవడానికి ఎవరికీ ధైర్యం చాలదు.

బొమ్మలు ఆమెకు తండ్రి నుంచి వచ్చాయి. రాజయ్య ఉప్పల్‌లో లారీలకు రంగులు వేసేవాడు. దిష్టి తగలకుండా లారీ ముందు పెద్ద పెద్ద కళ్ళు వేయించుకునే డ్రైవర్లు ఆయన్నే వెతుక్కుంటూ వచ్చేవాళ్ళు. స్కూలు నుంచి వచ్చిన కూతుర్ని పక్కన కూర్చోబెట్టుకుని, "నల్లగుడ్డు నడిమిట్ల పెట్టాలె బిడ్డా. గప్పుడు మనిషి ఏ పక్కకు జరిగినా కన్ను వాన్నే సూస్తది. తప్పించుకోనియ్యది" అని చెప్పేవాడు. సత్యవేణి ఆ షెడ్డులో గ్రీజు వాసన పీల్చుకుంటూ కళ్ళు గీయడం నేర్చుకుంది. తర్వాత కాలేజీలో ఎవరెవరో ఏవేవో నేర్పారు గానీ, కన్ను గీయాల్సి వస్తే ఆమె చెయ్యి ఇప్పటికీ లారీ షెడ్డుకే పోతుంది.

ఆమె భర్త జగన్మోహన్ మల్లాపూర్‌లో ఒక ప్లాస్టిక్ కంపెనీలో సూపర్‌వైజరు. చెడ్డవాడు కాదు. జీతం ఇంట్లో ఇస్తాడు, కూరలు తెస్తాడు, పెళ్ళాం అరిస్తే బాల్కనీలోకి వెళ్ళి నిలబడతాడు. వాళ్ళుండేది కామాక్షి రెసిడెన్సీ మూడో అంతస్తులో. ఆ అపార్ట్‌మెంటుకు రోడ్డు వైపు పొడుగాటి ప్రహరీ గోడ ఉంది. షేర్ ఆటోలు, కంపెనీ వ్యాన్లు ఆగేది ఆ గోడ పక్కనే. ఆ గోడకు మగవాళ్ళు ఏళ్ళ తరబడి చేస్తున్న మర్యాద ఏమిటో వేరే చెప్పాలా? మలుపు తిరగకముందే ముక్కుకు తెలిసిపోతుంది. రోజూ సాయంత్రం జగన్మోహన్ జేబురుమాలు ముక్కుకు అడ్డం పెట్టుకునే ఇంట్లోకి వచ్చేవాడు.

"మనుషులు గాదే వీళ్ళు, పశువులు" అనేవాడు చెప్పులు విడుస్తూ.

అపార్ట్‌మెంటు వాళ్ళు ముందు బోర్డులు పెట్టారు. తర్వాత అన్ని మతాల దేవుళ్ళ బొమ్మలున్న టైల్స్ తెచ్చి గోడకు అతికించారు. మన మగవాళ్ళ భక్తికి లోటు లేదు. దేవుడికి దండం పెట్టుకుని, రెండడుగులు పక్కకు జరిగి, టైలుకూ టైలుకూ మధ్యనున్న సందులో పోయడం మొదలుపెట్టారు.

అసోసియేషన్ ప్రెసిడెంటు పరంధామయ్య ఓ ఆదివారం మీటింగు పెట్టాడు. తెనాలి వైపు నుంచి వచ్చి స్థిరపడ్డ రిటైర్డ్ గుమాస్తా. ఏ విషయాన్నయినా ఆఫీసు ఫైలు కదిపినట్టు మెల్లగా, పద్ధతిగా కదుపుతాడు.

"సందు ఉండటమే మన తప్పండీ. ఈ చివర్నుంచి ఆ చివరిదాకా ఖాళీ లేకుండా దశావతారాలు వేయించేద్దాం. మన సత్యవేణి గారు ఉండనే ఉన్నారు. ఏమంటారమ్మా?"

సత్యవేణి లేచి నిలబడింది. ఆమె లేవగానే జగన్మోహన్ తల వంచుకున్నాడు. రాబోయేది అతనికి తెలుసు.

"ఇంట్ల దేవుని అర్ర ముందట చెప్పులిడిశి లోపలికి పోతం గద సార్? గా దేవున్నే తీస్కపోయి ఉచ్చకు వాచ్‌మన్‌గ నిలవెడతరా? చేప కాడికెళ్ళి కల్కి దాక అందరు వరుసవెట్టి నిలవడి ముక్కులు మూస్కోవాల్నా?"

అందరూ నవ్వారు. ఆమె నవ్వలేదు. నవ్వేవాళ్ళను చూస్తే ఆమెకు ఇంకా మండింది.

పరంధామయ్య కళ్ళజోడు తుడుచుకున్నాడు. "సరేనమ్మా. అయితే థీమ్ ఏమిటో మీరే చెప్పండి. వచ్చే ఆదివారం దాకా టైము. లేదంటారా, అంబర్‌పేట్‌లో ఓ కుర్రాడున్నాడు, వాడిచేత దశావతారాలే వేయించేస్తాను."

ఆ వారమంతా ఆమె ఇంట్లో కాగితాలు నలిగాయి. బతుకమ్మ వేద్దామనుకుని, ఈ గోడ మీదా బతుకమ్మ అని తన మీద తనే మండిపడింది. చెట్లూ పిట్టలూ అనుకుంది. చెట్టు కనిపిస్తే మగవాడికి ఇంకా సౌకర్యం. చార్మినార్, గోల్కొండ అనుకుంది. వాటి చుట్టుపక్కల గోడలను ఎవడు వదిలాడు గనక? దేశనాయకులను వేయమని జగన్మోహన్ సలహా ఇచ్చాడు. "గాంధీ తాతను గూడ గీ కంపుల నిలవెడతవా?" అని అతన్ని బాల్కనీలోకి తరిమింది. ఏ బొమ్మ అనుకున్నా అది ఆ గోడ దగ్గర నిలబడి అవమానపడేలా కనిపించేది. అంత కోపంలోనూ ఆమెకు దిగులు వేసింది. మనుషులు పాడుచేయలేని బొమ్మ ఒక్కటైనా లేదా?

శుక్రవారం పొద్దున ఆమె స్కూలుకు పోవడానికి ఆ గోడ పక్కనే ఆటో కోసం నిలబడింది. అప్పటికే కొందరు ఆడవాళ్ళు మల్లాపూర్ వ్యాను కోసం ఎదురుచూస్తున్నారు. వాళ్ళలో ఉప్పలమ్మ ఆమెకు తెలిసిన మనిషే. ఆలేరు నుంచి వచ్చి ఓ ప్యాకింగ్ కంపెనీలో పనిచేస్తుంది. ఇంతలో ఓ మగవాడు బండి ఆపి, దిగి, వాళ్ళకు నాలుగు మూరల దూరంలో గోడ వైపు తిరిగాడు. ఫోను భుజానికీ చెవికీ మధ్య ఇరికించుకుని మాట్లాడుతూనే పని కానిస్తున్నాడు.

ఆడవాళ్ళందరి మెడలూ ఒక్కసారే రోడ్డు వైపు తిరిగాయి. ఎవరూ ఎవరికీ చెప్పలేదు. సత్యవేణి మెడ కూడా తిరిగింది. తిరిగాక గాని ఆమెకు తెలియలేదు. ఆ మగవాడికి ఏ సిగ్గూ లేదు, మాటల మధ్యలో నవ్వుతున్నాడు. సిగ్గుపడి తల తిప్పుకున్నది తామే. చిన్నప్పటి నుంచీ ఇంతే. ఎవరు నేర్పారో తెలియదు గానీ ఈ విద్య రాని ఆడపిల్ల లేదు. సత్యవేణికి తన మెడ మీద తనకే పట్టరాని కోపం వచ్చింది.

"మనమెందుకు తిప్పుతున్నం అక్కా మొకం?" అంది గట్టిగా.

"మరేం జెయ్యాలె టీచరమ్మా? సూడాల్నా?" అంది ఉప్పలమ్మ.

"సూస్తే ఏమైతది?"

"మనల్నే అంటరు, సిగ్గులేనోళ్ళని." ఉప్పలమ్మ గొంతు తగ్గించింది. "వానికేంది, ఊరంత వానిదే. నేను పొద్దుగాల చాయ తాగినంక మల్ల ఇంటికి వొయ్యేదాక గుక్కెడు నీళ్ళు ముట్ట. తాగితే ఏడికి వోవాలె? కంపెనీల ఆడోళ్ళ బాత్రూముకు ఎప్పుడు తాళమే."

సత్యవేణి చెయ్యి తనకు తెలియకుండానే నడుం మీదికి పోయింది. కిడ్నీలో రాళ్ళకు కోసిన చోటు అది. అంతకు ముందు పనిచేసిన స్కూల్లో ఆడ టీచర్లకు బాత్రూం లేదు. ఏళ్ళ తరబడి పొద్దున్నుంచి సాయంత్రం దాకా నోరు కట్టుకుని పాఠాలు చెప్పింది. "నీళ్ళెందుకు తాగరమ్మా, చదువుకున్నవాళ్ళు మీరు కూడా?" అని దవాఖానాలో డాక్టరు మందలిస్తే, "తాగి ఏడికి వోవాలె సార్?" అని ఆ మంచం మీద నుంచే అరిచింది. ఆ అరుపు మళ్ళీ ఇప్పుడు గొంతులోకి వచ్చింది. ఆటో వచ్చినా ఎక్కలేదు. ఆ రోజు స్కూలుకు లీవు పెట్టి ఇంటికి వెళ్ళి కాగితాల ముందు కూర్చుంది.

ఆదివారం మీటింగులో ఆమె పరిచిన కాగితాల మీద ఆడవాళ్ళున్నారు. నిలువెత్తు ఆడవాళ్ళు, భుజానికి టిఫిన్ సంచులు, కాళ్ళకు ప్లాస్టిక్ చెప్పులు. వ్యాను కోసం నిలబడ్డట్టే వరుసగా నిలబడ్డారు. ఒక్కరూ తల తిప్పలేదు. అందరూ నేరుగా చూస్తున్నారు.

"ఇదేంటమ్మా? మామూలు ఆడవాళ్ళు!" అన్నాడు పరంధామయ్య.

"అవు సార్. గాడ రోజూ నిలవడేటోళ్ళే."

"బాగానే ఉంది కానీ... ఆడవాళ్ళ బొమ్మల ముందు ఎవడైనా ఆ పని చేస్తే ఎంత అసహ్యంగా ఉంటుందమ్మా?"

సత్యవేణి ఆయన వైపు తిరిగింది. "ఇప్పుడు చేస్తున్నది ఎవరి ముందట సార్? బొమ్మల ముందట చేస్తే అసహ్యం. నిజం మనుషుల ముందట చేస్తే ఏం లేదా?"

పరంధామయ్య కళ్ళజోడు తీసి మళ్ళీ పెట్టుకుని, "వేయండమ్మా" అన్నాడు. ఒప్పుకున్నాడన్న మంచిమాట ఆ పెద్దమనిషికి దక్కాలి.

అసలు చిక్కు తర్వాత వచ్చింది. ఊహించి గీసిన మొహాలు ఆమెకు నచ్చలేదు. కిటికీలోంచి కనిపించిందే గీయమని పిల్లల ప్రాణం తీసే మనిషి తను మాత్రం లేని మొహాలు ఎలా గీస్తుంది? నిజం మొహాలే కావాలని వ్యాను దగ్గర అడిగితే ఒక్కరూ ఒప్పుకోలేదు. ఆ గోడ మీద నా మొహమా, మా ఇంట్లో చంపేస్తారు అన్నారు. చివరికి ఉప్పలమ్మే ముందుకు వచ్చింది. వచ్చింది గానీ, ఆమె మాట సూటిగా ఉంది.

"ఎవడన్న నా బొమ్మ మీద పోస్తే ఏంది టీచరమ్మా? బొమ్మనే గదా అంటే నాకు నడవది. నా మొకం గది."

"పొయ్యనియ్య."

"పోస్తే?"

"పోసినోన్ని పట్టుకొచ్చి, నీ ముందల్నే వాని చేతులతోని కడిగిస్త. నా బ్రష్ మీద ఒట్టు."

ఉప్పలమ్మ ఆమె కళ్ళలోకి చూసి తల ఊపింది. ఆమెను చూసి మిగతావాళ్ళు కూడా ఒప్పుకున్నారు.

దసరా సెలవుల్లో సత్యవేణి గోడ మీద పడింది. టైల్స్ తీయించి, గోడ గీకించి, కడిగించి, ప్రైమర్ కొట్టించింది. ముక్కుకు గుడ్డ కట్టుకుని పొద్దంతా ఎండలో నిలబడి వేసింది. దారిన పోయేవాళ్ళు ఆగి, "దేవుళ్ళను వేస్తే పుణ్యమన్నా వచ్చేది మేడం" అంటే, "నీకు కావాలంటే నువ్వేస్కో" అని బ్రష్ చూపించింది. ఆడవాళ్ళు ఒక్కొక్కరే తమ డ్యూటీ అయ్యాక వచ్చి ఎదురుగా నిలబడేవాళ్ళు. ఉప్పలమ్మ బొమ్మ గోడ చివర ట్రాన్స్‌ఫార్మర్ పక్కన వచ్చింది. అది చీకటి మూల, అందరికంటే చెడ్డ చోటు. గట్టి మనిషి అక్కడుండాలని సత్యవేణి కావాలనే అక్కడ వేసింది. కళ్ళన్నీ ఆఖర్న వేసింది, తండ్రి చెప్పినట్టు నల్లగుడ్డు నడిమిట్ల పెట్టి.

కళ్ళు పెట్టిన నాటి నుంచి గోడ మారిపోయింది. బండి ఆపి దిగిన మగవాళ్ళు నాలుగడుగులు వేసి, అటు చూసి, ఇటు జరిగి, ఎటు జరిగినా ఎవరో ఒకామె చూస్తుంటే తల గోక్కుని బండి ఎక్కేవాళ్ళు. ఒకడైతే "సారీ అక్కా" అని గొణిగి మరీ వెళ్ళాడు. వ్యాను కోసం నిలబడ్డ ఆడవాళ్ళు పడీ పడీ నవ్వారు. ఉప్పలమ్మ రోజూ తన బొమ్మ పక్కనే నిలబడేది. పరంధామయ్య వచ్చినవాళ్ళందరికీ, ఇది మా సత్యవేణి గారి పని అని చూపించేవాడు. సత్యవేణికి కూడా, పైకి ఒప్పుకోదు గానీ, సంతోషంగా ఉండేది. ఇంట్లో అరుపులు తగ్గాయి. జగన్మోహన్ జేబురుమాలు జేబులోనే ఉంటోంది.

దీపావళి వెళ్ళాక ఓ పొద్దున ఉప్పలమ్మ బొమ్మ మోకాళ్ళ కింద మరక కనిపించింది. అది చూసి ఉప్పలమ్మ తన బొమ్మకు దూరంగా వెళ్ళి నిలబడింది, అంతే. ఆమె అరిచి ఉంటే సత్యవేణికి బాగుండేది. ఆ రోజే అనుమానంతో చాయ్ బండి దగ్గర నిలబడ్డ ఆటో డ్రైవర్ కాలర్ పట్టుకుంది. వాడు లబోదిబోమన్నాడు, కొడుకు మీద ఒట్టేశాడు. మర్నాడు మరక ఇంకా పెద్దదైంది. పొద్దున స్కూలుకు పోయేటప్పుడు ఉప్పలమ్మ చూపు తప్పించుకుని వెళ్ళాల్సి వచ్చింది.

ఆ సాయంత్రం ఆమె స్కూలు నుంచి రాగానే బాల్కనీలో కాపలా కూర్చుంది. దొరికితే వాణ్ణి ఏమేం అనాలో అన్నీ మనసులో కూడబెట్టుకుంది. పొద్దు వాలుతుండగా షేర్ ఆటో ఆగింది. జగన్మోహన్ దిగాడు. భుజాన టిఫిన్ సంచి. అటూ ఇటూ చూసి, గేటు వైపు కాకుండా ట్రాన్స్‌ఫార్మర్ వైపు నడిచాడు. ఉప్పలమ్మ బొమ్మ ముందు నిలబడి, తల పైకెత్తి ఆకాశం వంక చూస్తూ, తాపీగా పని కానిచ్చాడు.

పైన ఇంట్లో రెండు బాత్రూములున్నాయి. ఒకటి ఆయన కోసమే ఖాళీగా ఉంటుంది.

అతను లోపలికి వచ్చి చెప్పులు విడిచేసరికి ఆమె గుమ్మంలోనే ఉంది. కూడబెట్టుకున్న తిట్లలో ఒక్కటీ బయటికి రాలేదు.

"ఎన్నేండ్ల సంది?" అంది.

జగన్మోహన్‌కు అర్థమైంది. "అలవాటైందే ఆ మూల. ఆటో దిగంగనే వస్తది. మెట్లెక్కేదాక ఆగది."

"రుమాలు అడ్డం వెట్టుకోని వచ్చి పశువులంటివి గదయ్యా రోజూ!"

"అందరు పోస్తున్నప్పుడు నేనొక్కన్ని లెక్కనా? కొన్ని రోజులు ఆగిన. ఆగలేక... గామె దిక్కు సూడలేదే నేను, ఒట్టు. మీదికి సూసిన. బొమ్మనే గదా."

ఆమె అతన్ని దాటుకుని బాత్రూంలోకి వెళ్ళింది. బకెట్టు నింపి, ఫినాయిల్ సీసా, బ్రష్ పట్టుకుని కిందికి దిగింది. గోడ దగ్గర ఎవరూ లేరు. గబగబా కడిగేస్తే ఎవరికీ తెలియదు. రేపట్నుంచి ఆయన మానేస్తాడు, మాన్పిస్తుంది. ఉప్పలమ్మ మళ్ళీ వచ్చి బొమ్మ పక్కన నిలబడుతుంది. మొగుడి పరువు మిగులుతుంది, తన పరువూ మిగులుతుంది. బ్రష్ ముంచి వంగింది. వంగితే గోడ మీంచి ఉప్పలమ్మ చూస్తోంది. కాస్త ఇటు జరిగింది. చూస్తోంది. ట్రాన్స్‌ఫార్మర్ వైపు జరిగింది. అక్కడా చూస్తోంది. ఆ కళ్ళు వేసింది తనే, తప్పించుకోలేకుండా వేసింది తనే. సత్యవేణికి ఏడుపు వచ్చింది. కోపంతో వచ్చే ఏడుపు ఎంత మంటగా ఉంటుందో ఏడ్చినవాళ్ళకే తెలుసు. బకెట్టు నీళ్ళు మోరీలో పారబోసి పైకి వెళ్ళిపోయింది.

తెల్లవారి వ్యాను వచ్చే వేళకు ఆమె జగన్మోహన్ చేతిలో అదే బకెట్టు పెట్టింది.

"నడువు."

"నలుగురు సూస్తరే!"

"సూడాలెననే."

"రాత్రికి కడుగుత. ఎవ్వరు లేనప్పుడు."

"పోసేటప్పుడు రాత్రి దాక ఆగినవా?"

"నీ మొగున్ని నువ్వే బజార్ల నిలవెడతవా సత్యా?" అన్నాడు.

"ఉప్పలమ్మను నిలవెట్టలేదా? మాటిచ్చి నిలవెట్టిన. నువ్వు పోకుంటే గా గోడ మీది బొమ్మలన్ని నేనే సున్నం కొట్టి తుడిచేస్త. మల్ల బ్రష్ పట్ట. నీ ఇష్టం."

ఆమె అన్నంత పనీ చేస్తుందని అతనికి తెలుసు. బకెట్టు తీసుకుని ముందు నడిచాడు. గేటు దగ్గర పరంధామయ్య పాలప్యాకెట్లతో ఎదురై, బకెట్టు చూసి, జగన్మోహన్ మొహం చూసి, పక్కకు తప్పుకున్నాడు. వ్యాను కోసం నిలబడ్డ ఆడవాళ్ళు ఇటు తిరిగారు. జగన్మోహన్ ట్రాన్స్‌ఫార్మర్ మూలలో గొంతుక్కూర్చుని బొమ్మ కాళ్ళ మీద నీళ్ళు పోశాడు.

ఉప్పలమ్మకు విషయం అర్థమైంది. టీచరమ్మ భర్త, పెద్దమనిషి, అలా కూర్చుని కడగడం చూడలేక ఆమె మెడ మెల్లగా రోడ్డు వైపు తిరగబోయింది. మిగతావాళ్ళ మెడలూ ఆమె వెంటే కదిలాయి. సత్యవేణికి తన మెడ కూడా తిరగబోతున్నట్టు తెలిసింది. బిగబట్టుకుని నిలబడింది.

"తిప్పకు అక్కా" అంది. "సూడు."

ఉప్పలమ్మ ఆగి, ఇటు తిరిగి చూసింది. వ్యాను వచ్చి హారన్ కొట్టినా ఎవరూ కదల్లేదు. జగన్మోహన్ తల వంచుకుని గోడ రుద్దుతూనే ఉన్నాడు.